అద్భుతంలో మా వాటా

వార్షిక సంచికకు సినిమాల మీద వ్యాసమా అని పెద్దలు నొసలు ముడివేయవచ్చు. విద్యార్థులు వ్రాయదగిన విషయాలు వేరే చాలా ఉన్నవని, క్రమశిక్షణ, దేశభక్తి, కాలము యొక్క విలువ మొదలైనవి వ్రాసేవారి కోసం ఏటేటా కాచుకొని ఉంటవని మాకు తెలియకపోలేదు. కాని పరీక్షకు ముందు రోజు రాత్రి కూడా మా గదిలో చర్చకు వచ్చేది కాలము విలువ కాదు, 'కల్కి'లో అశ్వత్థామ కొట్టిన దెబ్బ. కాబట్టి దాపరికం లేకుండా దానినే వ్రాస్తున్నాము.

మాలో సగంమంది ఇంట ఉర్దూ, సగంమంది ఇంట తెలుగు. అందరికీ సమానంగా పట్టిన పిచ్చి ఒకటున్నది. దయ్యాలు, మాంత్రికులు, కాలయంత్రాలు, రాబోయే యుగాలు ఉన్న చిత్రాలంటే చెవి కోసుకుంటాము. అరసవల్లి నుండి శ్రీకాకుళం పట్టణం నడచి పోగల దూరమే గనుక హాలుకు పోయి చూచినవి కొన్ని. ఒక్క ఫోను చుట్టూ ఐదుగురము తలలు చేర్చి చూచినవి మరికొన్ని. లోకో భిన్నరుచిః అన్నారు గనుక మా అభిప్రాయాలు అందరికీ నచ్చవలెనని లేదు.

2024 జూన్‌లో విడుదలైన 'కల్కి 2898 ఎ.డి.'తో మొదలుపెడతాము. నాగ్ అశ్విన్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం మొదటి గంట మాకు బరువుగా నడచింది. ప్రభాస్ ధరించిన భైరవ పాత్ర వేళాకోళాలు, అతనితో వాదులాడే బుజ్జి అనే వాహనం మాలో చిన్నవారికి నచ్చినవి, పెద్దవారము ఆవులించాము. అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ లేచి నిలిచిన తరువాత ఆవులింతలు ఆగిపోయినవి. గంగ ఇంకిపోయిన కాశీ, దాని మీద తలక్రిందుల పిరమిడ్ వలె వ్రేలాడే సంపన్నుల లోకం చూచి, 1991 నాటి 'ఆదిత్య 369' తరువాత భవిష్యత్తును ఇంత ధైర్యంగా ఊహించిన తెలుగు చిత్రం లేదని తీర్మానించాము. ఒక చిన్న వెలితి మాత్రం చెప్పుకోవలెను. కాశీ అంటే మాకు ఘట్టాలతోపాటు బిస్మిల్లా ఖాన్ షెహనాయి కూడా, చీరలు నేసే మగ్గాలు కూడా. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ తరువాతి కాశీలో కూలీలు, దొంగలు, సైనికులు కనబడ్డారు. ఆ షెహనాయి మాత్రం మా చెవికి వినబడలేదు.

ఆ ఏడే సంక్రాంతికి వచ్చిన 'హనుమాన్'ను ఏకగ్రీవంగా మెచ్చుకున్నాము. ప్రశాంత్ వర్మ పెద్ద తారల అండ లేకుండా తేజ సజ్జాను నమ్ముకొని, అంజనాద్రి అనే కల్పిత గ్రామాన్ని కట్టి, అందరినీ నవ్వించి నెగ్గాడు. అక్కగా వరలక్ష్మి శరత్‌కుమార్ కొబ్బరికాయలతో దుండగులను బాదే ఘట్టంలో ఈలలు వేసిన పాపంలో మాకూ పాలున్నది. నాయకునికి బలమిచ్చే మణి సూర్యకాంతి సోకితేనే పనిచేస్తుంది. ప్రొద్దు గుంకితే అతడు మామూలు కుర్రవాడు. శక్తికి ఇట్లా ఒక హద్దు పెట్టినప్పుడే కథలో ఉత్కంఠ పుడుతుంది. పైగా మేము సూర్యుని ఊరివారము. అరసవల్లి ఆలయంలో మార్చిలోను, అక్టోబరులోను కొన్ని ఉదయాలు తొలి కిరణాలు ద్వారాల గుండా లోపలికి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. ఆ కొద్ది నిమిషాల కోసం జనం తెల్లవారక ముందే బారులు తీరుతారు. మబ్బు పట్టిందా, ఉసూరుమంటూ మరలిపోతారు. ఆ ఉదయాల్లో మాలో ఒకని తండ్రిగారి టీ అంగడికి క్షణం తీరిక ఉండదు. మబ్బు పడితే ఆ నమాజీ మనిషికి కూడా దిగులే.

2023 నాటి 'విరూపాక్ష' విషయంలో మాకు ఏకాభిప్రాయం కుదరలేదు. భయపెట్టే విద్యలో దర్శకుడు కార్తీక్ దండు ఆరితేరినవాడు; రుద్రవనం రాత్రులు చూచి వచ్చిన తరువాత మాలో ఇద్దరు పెరటిలోకి ఒంటరిగా పోవడానికి జంకారు. అయితే కథ మొదట్లోనే, చేతబడి చేస్తున్నారనే అనుమానంతో గ్రామస్థులు ఒక దంపతులను చంపివేస్తారు. అప్పుడు మన కోపం గుంపు మీదికి పోతుంది. తీరా కథ సాగిన కొద్దీ క్షుద్రవిద్య నిజమేనని తేలుతుంది. అంటే గుంపు చేసినది క్రూరమే అయినా దాని అనుమానం తప్పు కాదన్నమాట! వేరే ప్రాంతం వారికి ఇది వట్టి కథ కావచ్చు. చిల్లంగి పెట్టారనే నెపంతో ముసలివాళ్ళను కొట్టి చంపిన వార్తలు పత్రికల్లో చదువుతూ పెరిగిన ఉత్తరాంధ్ర పిల్లలకు కాదు. 'మా ఊరి పొలిమేర' కూడా చేతబడి కథే. 2021లో దాని మలుపులకు నోరు తెరిచాము. 2023లో రెండవ భాగంలో మలుపులే మితిమీరి తల తిరిగింది.

ధారావాహికల్లో మాకు బాగా నచ్చినది 2023 డిసెంబరులో వచ్చిన 'దూత'. జరుగబోయే దుర్ఘటనలను ముందే చెప్పే వార్తాపత్రిక ముక్కలు ఒక పత్రికా రచయితకు దొరకడం అందులోని ఊహ. కథ విశాఖపట్నంలోనే జరుగుతుంది. ఆ ఎడతెరిపి లేని వాన మాకు తెలిసిన వానే. విక్రమ్ కుమార్ దానిని ఎనిమిది భాగాలుగా తీశాడు. ఆరు చాలు అని మా తీర్పు.

ఇక 'మసూద'. నిజానికి ఈ వ్యాసానికి కారణం ఇదే. సాయికిరణ్ దర్శకత్వంలో 2022 నవంబరులో వచ్చిన ఈ చిత్రంలో సంగీత ధరించిన నీలం పాత్ర బడిలో సైన్సు పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలు. భర్తకు దూరంగా కూతురు నజియాను ఒంటరిగా పెంచుకొంటున్న తల్లి. ప్రక్క ఇంట గోపి అనే పిరికి యువకుడు. ఆ పాత్రలో తిరువీర్ నటన చాలా సహజంగా ఉన్నది. తెలుగు తెర మీద ముస్లిం ఇల్లు కనబడడమే అరుదు. కనబడితే బిరియాని వండే ఇల్లో, బాంబు దొరికే ఇల్లో అవుతుంది. ఇక్కడ మొదటిసారిగా అద్దె, జీతం, బడి, ఇరుగుపొరుగు ఉన్న ఇల్లు కనబడేసరికి మాలో ఉర్దూ ఇళ్ళవారు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకొని మురిసిపోయారు. తరువాత నజియాకు దయ్యం పట్టింది. ఆ దయ్యం కూడా ముస్లిం స్త్రీయే, ఆమె ఉడుపు నల్లని బురఖా. మేము భయపడవలసినంత భయపడ్డాము. పెట్టిన డబ్బు దక్కిందనే అనుకొంటూ ఇళ్ళకు పోయాము.

మరుసటి వారం మాలో ఒకని చెల్లెలు ట్యూషను ముగించుకొని వస్తుండగా వీధి మొదట నిలబడిన కుర్రవాళ్ళు ఆమె బురఖాను చూచి 'మసూద వస్తోందిరా' అని కేకవేసి పరుగు నటించారు. ఆ అమ్మాయి కూడా నవ్వేసింది. రెండవ రోజూ అదే కేక, మూడవ రోజూ అదే. నాలుగవ రోజు నుండి చుట్టుదారిన పోవడం మొదలుపెట్టింది. ఇంట్లో చెప్పలేదు. అన్నకు కూడా చాలా రోజుల తరువాత, అదీ వేరే మాటల మధ్య చెప్పింది.

ఇందుకు సినిమా తీసినవారిని నిందించవచ్చునా? దీని మీద మేము రెండు రాత్రులు వాదించుకొన్నాము. ఆ చిత్రంలో దయ్యమూ ముస్లిమే, దయ్యం బారిన పడిన పిల్లా ముస్లిమే, ప్రాణాలకు తెగించి ఆ పిల్లను కాపాడజూచే పీర్ బాబా కూడా ముస్లిమే. తీసినవారి మనస్సులో ద్వేషం ఉన్నదని మేము అనుకోవడం లేదు. మరి తెల్లచీర కట్టిన దయ్యాలు మన సినిమాల్లో లెక్కలేనన్ని వచ్చినవి. తెల్లచీరలో పోతున్న ఉపాధ్యాయురాలిని చూచి ఎవరూ 'దయ్యం' అని కేకవేయరే? తెల్లచీర కట్టిన అమ్మలు, డాక్టర్లు, నర్సులు, నాయకురాళ్ళు కూడా అదే తెర మీద వందలుగా కనబడ్డారు గనుక. బురఖా తొడిగి బస్సు కోసం నిలబడిన అమ్మాయి, కూరగాయలు బేరమాడే అమ్మ, పరీక్ష తప్పి ఏడ్చే పిల్ల మన తెర మీద ఎన్నిసార్లు కనబడ్డారు? ఉన్న ఒకటి రెండు బొమ్మల్లో ఒకటి దయ్యానిదైతే చూచినవానికి గుర్తుండేది దయ్యమే.

ఇది ఎప్పుడూ ఇట్లాగే ఉండేదా అంటే కాదు. మా పెద్దలు చెప్పుకొనే జానపద చిత్రాలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1951 నాటి 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి వెంటబెట్టుకొని పోయే తీరులో అల్లావుద్దీన్ దీపపు ఛాయలు స్పష్టంగా కనబడతాయి. 1957లో అక్కినేని అల్లావుద్దీన్ అయ్యాడు. అదే 1957లో 'మాయాబజార్' కృష్ణుడైన రామారావు 1968లో 'బాగ్దాద్ గజదొంగ', 1970లో 'ఆలీబాబా 40 దొంగలు' చిత్రాల్లో తలపాగా చుట్టాడు. అందుకు ఎవరూ నొచ్చుకోలేదు. ముఖ్యంగా 1962 నాటి 'గులేబకావళి కథ'. ఈ కథ ఉర్దూలో ఎంతో ప్రసిద్ధం. దానిని 'గుల్జారె నసీం' అనే మస్నవీగా వ్రాసిన కవి కాశ్మీరీ పండితుడైన దయాశంకర్ నసీం. తెలుగు చిత్రానికి పాటలు వ్రాసి ఆ చిత్రంతోనే సినిమా కవి అయిన సి. నారాయణరెడ్డి చదువుకొన్నది ఉర్దూ మాధ్యమంలో. పండితుడు ఉర్దూలో, రెడ్డిగారు తెలుగులో చెప్పిన ఆ పువ్వు కథ ఎవరి సొత్తు? మా నానీలు దానిని తమదే అనుకొన్నారు, ప్రక్కింటి అమ్మమ్మలూ తమదే అనుకొన్నారు. ఆ బాగ్దాదు కొయ్య పలకల మీద రంగులు పూసిన బాగ్దాదే. కాని అందులో మాంత్రికునితోపాటు యువరాజు, రాణి, హాస్యగాడు, దొంగ, దొర అందరూ మనవాళ్ళే.

ఇప్పటి అద్భుత చిత్రాలకు ఒకే అర నుండి సరుకు వస్తున్నది. 'కార్తికేయ 2' (2022) శ్రీకృష్ణుని కడియం వెదికింది. 'హనుమాన్' పేరులోనే ఉన్నది. 'కల్కి' మహాభారతం నుండి, 'మిరాయ్' (2025) అశోకుని తొమ్మిది గ్రంథాల నుండి బయలుదేరి రాముని ఆయుధం వరకు వచ్చినవి. ఆ అర మాకు పరాయిది కాదు. ఘటోత్కచుణ్ణి చూచి నవ్వని ముస్లిం ఇల్లు తెలుగుదేశంలో ఉన్నదా? అయితే ప్రక్క అర తాళం పడి ఉన్నది. ఒక్కసారి ఎవరో తెరిచారనుకొన్నాము: 2015లో 'బాహుబలి' మొదటి భాగంలో అస్లమ్ ఖాన్ అనే ఆయుధ వర్తకుడు వచ్చాడు. ఆ పాత్రలో సుదీప్ ఎంత దర్పంగా ఉన్నాడు! కట్టప్పతో కత్తి కలిపి, అతని నేర్పుకు ముగ్ధుడై, ఎప్పుడు పిలిచినా వస్తానని మాట ఇచ్చి పోయాడు. 2017లో రెండవ భాగంలో అంత యుద్ధం జరిగింది. ఆయన రాలేదు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని దేశమంతా రెండేళ్ళు అడిగింది. అస్లమ్ ఖాన్ ఎందుకు రాలేదని మేము ఇంకా అడుగుతూనే ఉన్నాము.

ఈ మాటలన్నీ విని మాలో తెలుగు ఇంటి మిత్రుడొకడు సూటిగా అడిగాడు: "మీ అరలో ఏమున్నదో మీరెప్పుడైనా మాకు చెప్పారా? చెప్పకుండా సినిమావాళ్ళకు ఎట్లా తెలుస్తుంది?" ఈ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. లక్నోలో మున్షీ నవల్ కిశోర్ ముద్రణాలయం అమీర్ హంజా దాస్తానులను 46 సంపుటాలుగా అచ్చువేసింది. వాటిలో ఒక్కటి కూడా మాలో ఎవరమూ చివరిదాకా చదవలేదు. ఉర్దూ మా మాతృభాష అని దరఖాస్తులలో మాత్రం వ్రాస్తాము. చివరకు ఒకడు, తన నానీ చెప్పగా విన్నంత వరకు, అమర్ అయ్యార్ కథ తెలుగులో చెప్పసాగాడు. హంజా స్నేహితుడు, వేషాలు మార్చడంలో మొనగాడు. కప్పుకొంటే కనబడకుండా చేసే కంబళి ఒకటి, ఎన్ని నగరాలనైనా ఇముడ్చుకొనే జంబీల్ అనే సంచి ఒకటి అతనికి ఉన్నవి. పరమ పిసినారి గనుక గెలిచిన ప్రతిదానినీ ఆ సంచిలో వేసుకొని పోతాడు. రాత్రి రెండు గంటలయింది. సంచి లోపల ఏమున్నదో చెప్పనిదే పడుకోనీయమని తెలుగువాళ్ళు పట్టుబట్టారు. చెప్పేవానికి అంతవరకే తెలుసు. సెలవులకు ఇంటికి పోయి నానీని అడిగి వస్తానని ఒప్పుకొన్నాడు.

కళాశాల కమిటీవారికి మా విన్నపం ఒకటి ఉన్నది. వచ్చే విద్యాసంవత్సరంలో ఒక శనివారం సభా మందిరంలో 'గులేబకావళి కథ'ను, మరొక శనివారం 'మసూద'ను ప్రదర్శించి, ఆ తరువాత ఒక గంట విద్యార్థులను మాట్లాడనివ్వవలెను. భయపెట్టే చిత్రం కళాశాలలో ఏమిటని అనుమానించవద్దు. అది ఇప్పటికే అందరి ఫోనుల్లోను ఉన్నది. వీధిలో కేకలు విన్న ఆ అమ్మాయిని కూడా పిలవాలనుకొంటున్నాము. అడిగితే వస్తానన్నది, కాని మాట్లాడతానని చెప్పలేదు. సాయంత్రం చీకటి పడకముందే ముగిసేటట్లు పెట్టమని మాత్రం అన్నది.