చిలుక కన్ను తెరవకపోతే

ప్రశ్న: గాలివానకు కొబ్బరిచెట్టు తొర్రలోంచి పడిన రామచిలుక పిల్లను మా పిల్లలు ఇంటికి తెచ్చి పెంచుతున్నారు. రెండు రోజులుగా దాని కన్నొకటి మూసుకుపోయి నీరు కారుతోంది. నందివర్ధనం పువ్వు రసం పిండమని ఒకరు, ఆముదం చుక్క వేయమని ఒకరు చెబుతున్నారు. మావారు వాడే కంటి చుక్కల మందు వేయవచ్చునా?
— ఒక పాఠకురాలు, జొన్నాడ

జవాబు: ఏదీ వేయకండి. మీవారి మందు అసలే వద్దు. మనుషుల కంటి మందులు కొన్నింటిలో స్టెరాయిడ్ వుంటుంది. నల్లగుడ్డు మీద పుండు వున్నప్పుడు అది పడితే పుండు లోతుకుపోయి కన్నే పోవచ్చు.

ముందుగా పంజరానికి రెండు గజాల దూరాన కదలకుండా కూర్చుని అయిదు నిమిషాలు చూడండి. జబ్బుపడ్డ పక్షి మనిషి దగ్గరకు రాగానే హుషారు తెచ్చిపెట్టుకుంటుంది. నీరసించిన పక్షిని గద్ద ముందు పట్టుకుంటుంది గదా, ఆ భయం! చిలుక కంటిని కమ్మీకేసి రాసుకుంటున్నదా? చెంప ఈకలు తడిసి అతుక్కున్నాయా? ఈకలు ఉబ్బించి ముడుచుకు కూర్చుంటే జబ్బు కంటితో ఆగలేదన్న మాట.

తరువాత పగటి వెలుగులో రెండు కళ్ళనూ పోల్చి చూడండి. రెప్ప వాచిందా, పుసి కట్టిందా, గుడ్డు మీద తెల్లమచ్చ వుందా? పక్షికి మూడో రెప్ప వుంటుంది. ముక్కు వైపునుంచి పల్చని పొరలా వచ్చిపోతుంది. అది చూసి కంట్లో పువ్వు వేసిందని కంగారుపడేవారున్నారు. వచ్చిపోతే భయం లేదు, నిలిచిపోతే జబ్బే. టార్చిలైటు పరీక్ష వద్దు. చిలుక తన కంటిపాపను తన ఇష్టప్రకారం చిన్నదిగా, పెద్దదిగా చేసుకోగలదు. చూపు తెలియాలంటే ఒక్కొక్క పక్కనుంచి చిన్న దూదిపింజ జారవిడవండి. చిటిక వేయకండి, చప్పుడుకే తల తిప్పుతుంది.

జబ్బు ఒక కంటికే వుంటే పుల్ల గుచ్చుకోవడమో, ఊక పడడమో కావచ్చు. కంటి కిందనే ముక్కు తాలూకు గాలి గది వుంటుంది గనుక జలుబు చేసినా అక్కడ వాస్తుంది. రెండు కళ్ళూ చెడితే ఒంట్లో జబ్బు వుందేమోనని అనుమానించాలి. లవ్ బర్డ్స్ పెంచేవారు నెలల తరబడి ఉత్త గింజలే పెడితే ఎ విటమిన్ లోపించి కళ్ళు, ముక్కు చెడతాయి. మునగాకు, బొప్పాయి, ఎర్ర గుమ్మడి, కారెట్ పెట్టాలి.

కోళ్ళున్న వారికొక మాట. తెల్లవారి గూడు తలుపు తీయగానే మీ కళ్ళు మండితే, వాటి కళ్ళు రాత్రంతా మండాయన్న మాటే. కొక్కెర తెగులులోనూ కళ్ళు వాచి నీరు కారతాయి. ఆ వైరస్ పడితే మనకూ కళ్ళకలక వస్తుంది. కోడిపిల్లల కంట్లో టీకా చుక్క వేసే చేత్తో మీ కళ్ళు తుడుచుకోకండి.

చిలుక కంటి నీరు సిట్టకోసిస్ అనే అంటుజబ్బుకు గుర్తు కూడా కావచ్చు. 1929-30లో చిలుకల ద్వారా అది పలు దేశాలకు పాకింది. పంజరం వంటింట్లో వుంచకండి, ఎండిన రెట్టను పొడిగా ఊడ్వకండి, పిల్లలు ముద్దుపెట్టుకోనివ్వకండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు వస్తే చిలుక వున్నదని డాక్టరుకు చెప్పండి. తగిన మందు వుంది. సంగతి తెలియాలి అంతే.

మరిగించి చల్లార్చిన నీటిలో దూది ముంచి రెప్పపై పుసి మాత్రం మెల్లగా తుడవండి. ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగి వుండరనే నా ఆశ. ఆగి వుంటే ఇవాళే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మరొకటి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం రామచిలుకను ఇంట్లో పెంచకూడదు. అటవీశాఖ వారికి కబురుచేసి అప్పగించండి. పిల్లలు ఏడుస్తారు, నిజమే. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు పంజరం కడగకండి. అడుగున పరచిన కాగితం అలాగే వుండనివ్వండి. రెట్ట చూస్తే డాక్టరుకు చాలా సంగతులు తెలుస్తాయి.