యాసను లెక్కపెట్టొద్దు

బదిలీల మీద ఊళ్లు తిరిగే మనకు కొత్త తరగతిలో మొదట ఎదురయ్యే ప్రశ్న, 'మీది ఏ ఊరు?' పుట్టింది ఒకచోట, చదివింది నాలుగుచోట్ల. ఏం చెప్పాలో తోచక నవ్వేసి కూర్చుంటాం.

టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో కొత్త సభ్యులు చేసే మొదటి ప్రసంగం కూడా ఇదే: తమ గురించి తాము చెప్పుకోవడం, నాలుగు నుంచి ఆరు నిమిషాలు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన ఈ క్లబ్బులు మన నగరాల్లోనూ ఉన్నాయి. అక్కడి సాయంత్రాల్లో మనకు నచ్చేది మాట్లాడేవాళ్లకంటే వినేవాళ్లు. ఒకరు గడియారం చూస్తూ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గుర్తులు చూపిస్తారు. ఒకరు 'ఆఁ', 'అంటే' లాంటి ఊతపదాలు లెక్కపెడతారు. (మన స్టాఫ్ మీటింగులకూ ఒకరుంటే బాగుండు!) ఇంకొకరు లేచి, ఏది బాగుందో, ఏది బాగుపడాలో మర్యాదగా చెబుతారు.

ఆ సభ్యత్వానికి 18 ఏళ్లు నిండాలి. అందుకే మన బడిలోనే, తెలుగులో, ఇలాంటిది పెట్టుకుందాం. షరతు ఒక్కటే. ఊతపదాలు లెక్కపెడదాం, యాసను వద్దు. జోర్హాట్‌లో మూడేళ్లు చదివి వచ్చిన పిల్లవాడు హిందీ ధోరణిలో 'పరీక్ష ఇచ్చాను' అంటాడు. తరగతి ఒక్కసారి గొల్లున నవ్విందా, ఆ తర్వాత అమ్మమ్మతో ఫోన్లో కూడా తెలుగు మానేస్తాడు. అలాంటివాళ్లను ప్రతి ఊళ్లోనూ చూశాం. 'రాశాను' అనాలని, ప్రసంగం పూర్తయ్యాక ఒక్కరు చెబితే చాలదా?

శనివారం ఆఖరి పీరియడ్ సరిపోతుంది. దీపాలు లేకపోతే మూడు రంగుల చార్టు ముక్కలు చాలు.