పాఠశాలలలో భౌతికశాస్త్రపు లెక్కలు

లెక్కను పూర్తిగా చదువకముందే సూత్రమును వెదకుట మన యున్నత పాఠశాలలలో నేడు సామాన్యమైపోయినది. ప్రశ్నలో ఏయే రాశులకు విలువలిచ్చిరో బాలుడు చూచును. ఆ రాశులున్న సూత్రమును జ్ఞాపకము చేసికొనును. అంకెలను అందులో వేసి, వచ్చినదానిని వ్రాసి, మఱియొక ప్రశ్నకు పోవును. పడినది రాయియో, జారినది బండియో, తిరిగినది గ్రహమో అతనికి పనిలేదు. జవాబు కుదిరిన మార్కు వచ్చును, కుదరకున్న పోవును. ఇదియే భౌతికశాస్త్రాభ్యాసమని తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును, తుదకు బాలుడును నమ్ముచున్నారు. ఈ నమ్మకము దేశమునకు కీడు చేయునదని మా యభిప్రాయము.

లెక్కయొక్క ప్రయోజనము జవాబు కాదు. ప్రకృతిని క్రమముగా ప్రశ్నించుట, అందు ముఖ్యమైనదేదో, విడువదగినదేదో తెలిసికొనుట, వచ్చిన జవాబు నమ్మదగినదా యని తన్ను తాను అడుగుట, ఇదియే దాని ఫలము. ఒక చిన్న యుదాహరణమును తీసికొందము. బావిలో రాయిని విడిచితిమి. 2 సెకనులకు చప్పుడు వినవచ్చినది. బావి లోతెంత? సూత్రమును వల్లించినవాడు 19.6 మీటర్లని వెంటనే చెప్పును. ఆలోచించువాడు ఒక నిమిషమాగి, చప్పుడు పైకి వచ్చుటకు కూడ కొంతకాలము పట్టునుగదా యనును. శబ్దము సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. ఆ కాలమును తీసివేసిన లోతు 18న్నర మీటర్లకు దిగును. చేద త్రాడు కొనువానికి ఈ మీటరు భేదము లెక్కలోనిది కాదు; రాతి కట్టడమునకు కొలతలు వేయువానికి లెక్కలోనిదే. ఏ పనికి ఎంత సూక్ష్మత చాలునో నిర్ణయించుటయే వివేకము. దానిని ఏ సూత్రమును నేర్పలేదు.

ఈ బావిగట్టునుండియే ఆకాశమునకు త్రోవ కలదు. బావిలో పడు రాయి వేగము ప్రతి సెకనునకును 9.8 మీటర్ల చొప్పున పెరుగును. చంద్రుడు భూకేంద్రమునకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరముననున్నాడు. భూమి వ్యాసార్ధము 6,370 కిలోమీటర్లు. అనగా రాయికన్న చంద్రుడు అఱువది రెట్లు దూరమున నున్నాడు. దూరముయొక్క వర్గమునుబట్టి ఆకర్షణ తగ్గునేని, అచ్చట అది 3,600వ వంతు, అనగా 0.0027 మాత్రమే యుండవలెను. ఇక మఱియొక ప్రక్కనుండి చూతము. చంద్రుడు 27.3 దినములలో భూమిని చుట్టివచ్చును గావున సెకనునకు ఒక కిలోమీటరునకు కొంచెము మించి నడచుచున్నాడు. ఆ వేగముయొక్క వర్గమును దూరముచే భాగించిన మరల వచ్చునది 0.0027యే! రాయిని లాగునదియు, చంద్రుని త్రిప్పునదియు ఒకే బలమని న్యూటను 1687లో ప్రకటించిన గ్రంథమునకు ఇది మూలస్తంభము. పదవ తరగతి బాలుడు అరగంటలో దీనిని స్వయముగా చేయగలడు. చేసిననాడు అతడు రాత్రి చంద్రుని చూచు చూపే మాఱును.

చంద్రునినుండి సూర్యునికి పోవుటకు దూరము కావలెను. ఆ దూరమును కొలుచుటకై శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా పోవు సమయమును లోకమంతట పరిశీలించిరి. 1874 డిసెంబరు 9వ తేదీని జరిగిన శుక్రగ్రమణమును విశాఖపట్టణమున అంకితం వెంకట నరసింగరావుగారు తమ వేధశాలనుండి చూచిరి. ఆ దూరము సుమారు 15 కోట్ల కిలోమీటర్లని నేడు మనకు తెలియును. సూర్యునికెదురుగా నిలిపిన చదరపు మీటరుపై, గాలిపొరకు వెలుపల, సుమారు 1,361 వాట్ల వెలుగు పడును. ఈ రెండు అంకెలతో సూర్యుడు సెకనునకు వెదజల్లు శక్తినంతయు గుణకారముచే కనుగొనవచ్చును. ఇప్పుడు బాలుని ఇట్లడుగుడు: సూర్యుడంతయు మంచి బొగ్గేయైన, ఎంతకాలము మండును? లెక్కకు వచ్చు జవాబు సుమారు అయిదువేల సంవత్సరములు. భూమి వయస్సు 450 కోట్ల సంవత్సరములకు పైబడినది! కావున సూర్యుడు మంటకాదు. ఎంత ఘనమైన నిర్ణయము, ఎంత చిన్న లెక్కనుండి పుట్టినది!

మఱి యేమి? హైడ్రోజను పరమాణువుల కేంద్రములు కలిసి హీలియముగా మాఱుచుండ, సెకనునకు 40 లక్షల టన్నులకు పైగా ద్రవ్యము తేజస్సగుచున్నది. ఆ హీలియముయొక్క పసుపురేఖ సూర్యకాంతిలో బయటపడినది 1868లోనే. ఆ సంవత్సరము ఆగష్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణమును జాన్సెనను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరునుండియు, మద్రాసు వేధశాలాధిపతియైన పాగ్సను మచిలీపట్టణమునుండియు పరిశీలించిరి. గుంటూరు, బందరు బాలురలో ఎందఱికి ఈ సంగతి పాఠములో తెలిసినది? నక్షత్రవిజ్ఞానము పరదేశపు వింతగా వారికి కన్పట్టుట వారి దోషమా?

దోషమెచ్చటనున్నది? రెండు తెలుగు రాష్ట్రములందును ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో 180 నిమిషములలో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తింపవలెను. భాగించిన ఒక్కొక్క ప్రశ్నకు 67 సెకనులు. ఇంత స్వల్పకాలములో ఆలోచనకు చోటులేదు, జ్ఞాపకమునకే చోటు. ఆ పరీక్ష నీడ క్రమముగా క్రిందికి ప్రాకి, ఫౌండేషను తరగతులను పేర ఆఱవ తరగతి పిల్లవానిమీద కూడ పడుచున్నది.

లక్షలమంది వ్రాయు పరీక్షలో ఒక్కొక్కని తర్కమును చదివి మార్కులు వేయుట సాధ్యమా యని కొందఱందురు. పేదవాని బిడ్డకు సీటు దొరకు మార్గము ఆ పరీక్షయే, దానిని తూలనాడవలదని మఱికొందఱందురు. రెండును విచారింపదగిన మాటలే. మేము ప్రవేశపరీక్షను తీసివేయుమనుట లేదు. పదునేడేండ్లవానికి పెట్టిన వడపోతను పండ్రెండేండ్లవానికి విద్యగా బోధింపవలదని మాత్రమే చెప్పుచున్నాము. పైగా అర్థమెఱిగి లెక్కచేయువాడు వడపోతలోను వెనుకబడడు. వల్లించినవాడు ప్రశ్న కొంచెము రూపుమాఱిన చాలు, తెల్లబోవును.

ఇది కేవలము చదువులోని మాట కాదు. గంటకు 40 కిలోమీటర్లు పోవు బండి బ్రేకు వేసిన 12 మీటర్లలో నిలుచుననుకొనుడు. వేగము 80 అయిన, అదే బ్రేకుతో 24 కాదు, 48 మీటర్లు కావలెను. వేగముయొక్క వర్గమును పరీక్షలో వ్రాసిన యువకుడే రహదారిమీద దానిని మఱచుచున్నాడు. ఏలయన దానినతడు ఎన్నడును తెలిసికొనలేదు. ఇంధనమేమియు లేక నిరంతరము విద్యుత్తునిచ్చు యంత్రమును కనిపెట్టితినని యెవడైన ప్రకటించిన, పట్టభద్రులు సైతము నోరు తెఱచి వినుచున్నారు. శక్తి యెచ్చటినుండి వచ్చినది, ఎచ్చటికి పోయినదని లెక్కయడుగు నలవాటున్న జాతి ఇట్లు మోసపోదు. స్వరాజ్యము వచ్చినంతమాత్రమున స్వతంత్రబుద్ధి రాదు. దానిని తరగతిగదిలో సాగుచేయవలెను.

కావున మా సూచనలు మూడు. ఎనిమిది మొదలు పది వఱకు గల తరగతులలో, ప్రతి పాఠమునకును ఒక లెక్కయైనను అంకెలియ్యక విడువవలెను. వానిని బాలుడే కొలిచి తెచ్చుకొనవలెను. దారమునకు రాయికట్టి ఊపినచాలును. మీటరు పొడవున్న లోలకము పోయివచ్చుటకు 2 సెకనులు పట్టునని తానే చూచును. రెండవది, పాఠశాల పరీక్షలలో మార్కులలో సగము జవాబునకుగాక త్రోవకు ఈయవలెను. మూడవది, ఏ మాధ్యమమున చదువువాడైనను, సూత్రము వ్రాయకముందు సమస్యను తన తెలుగు మాటలతో చెప్పవలెను. ఇంట అమ్మకు చెప్పి యొప్పింపలేనిది అతనికి తెలియలేదనియే యర్థము.

పఠనమందిరముల నడపు పెద్దలకు కూడ ఒక మనవి. పత్రికలుంచు బల్లకు ప్రక్కన ఒక నల్లబల్లను నిలుపుడు. వారమున కొక లెక్క వ్రాయుడు. బావి లోతు, చెఱువులోని నీటి బరువు, చంద్రుని వేగము, సూర్యుని వేడి, ఏదైనను సరే. ఆదివారము సాయంకాలము బాలురను పిలిచి, జవాబునుగాక కారణమునడుగుడు. దీనికి ప్రభుత్వపు టుత్తరువు అక్కఱలేదు, నిధులక్కఱలేదు. సుద్దముక్కయు, ఓపికయు చాలును.