పుస్తక పరిచయానికి ఖానాలు ఉండాలా?



మన గోడపత్రికలో "నేను చదివిన పుస్తకం" శీర్షిక ఎలా రాస్తామో అందరికీ తెలుసు. చార్టు మీద స్కేలు పెట్టి తొమ్మిది ఖానాలు గీస్తాం. పుస్తకం పేరు, రచయిత, అనువాదకుడు, ప్రచురణ, పేజీలు, కథాసారం, ముఖ్య పాత్రలు, నీతి, నా అభిప్రాయం. ఎవరు రాసినా, ఏ పుస్తకమైనా ఈ తొమ్మిదే. మొన్న మన సమావేశంలో ఖానాలు తీసెయ్యాలని కొందరన్నారు. ఉన్నవి ఉన్నట్టే ఉంచాలని కొందరన్నారు. నాకు ఇద్దరి మాటా పూర్తిగా నచ్చలేదు.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. పోయిన సంచికలో "ఏడుతరాలు" గురించి రాసింది నేనే. అప్పటికి నేను చదివింది నలభై పేజీలు. కథాసారం అట్ట వెనక చూసి దించేశాను. నీతి దగ్గర "ఐకమత్యమే మహాబలం" అని రాశాను. అభిప్రాయం దగ్గర "అందరూ తప్పక చదవదగినది" అన్నాను. ఖానాలన్నీ నిండాయి. దస్తూరి బాగుందని మాస్టారు మెచ్చుకున్నారు కూడా.

అది చూసి ఏడో తరగతి తమ్ముడొకడు ఆ పుస్తకం తీసుకెళ్ళాడు. నాలుగు రోజులకు తిరిగి ఇచ్చేస్తూ, "అన్నా, కాలు నరికీసిన కాడ నాకు భయమేసింది. రాత్రి నిద్దర పట్టలేదు. నువ్వు రాయలేదేటి?" అన్నాడు. ఏం చెప్పను? ఆ పేజీ దాకా నేను వెళ్తేగా!

సిగ్గేసి, ఆ పుస్తకం మళ్ళీ తీసి మొత్తం చదివాను. అలెక్స్ హేలీ ఇంగ్లీషులో 1976లో "రూట్స్" అని రాసిన నవల అది. తెలుగులోకి సహవాసి గారు తెచ్చారు. ఆఫ్రికాలో గాంబియా నది దగ్గర జఫూరు అనే ఊరు. అక్కడి కుర్రాడు కుంటా కింటే. డోలు చేసుకోవడానికి దుంగ కోసం అడవికి వెళ్తే పట్టుకుని, ఓడలో అమెరికాకు తీసుకుపోయి అమ్మేస్తారు. పారిపోయిన ప్రతిసారీ పట్టుకుంటారు. చివరికి పాదం సగం నరికేస్తారు. అతని పేరు తీసేసి టోబీ అని పెడతారు.

నేను ఆగిపోయింది ఆ పేరు దగ్గరే. కుంటా పుట్టిన ఎనిమిదో రోజున తండ్రి ఒమొరో బిడ్డ పేరు ముందుగా బిడ్డ చెవిలోనే చెబుతాడు. తానెవరో ముందు తనకే తెలియాలని వాళ్ళ ఆచారం. అంత మర్యాదగా పెట్టిన పేరును ఎవరో కొనుక్కున్నవాడు మార్చేస్తాడు. మా గూడలో నన్ను పిలిచే పేరు ఒకటి, హాజరు పట్టీలో ఉన్న పేరు ఇంకొకటి. బడిలో వేసిన రోజున రాసేవారికి మా సవర పేరు నోరు తిరగలేదు. మా నాన్నకు చదవడం రాదు. వారికి తోచిందే రాసుకున్నారు. నన్నెవరూ కొట్టలేదు, గొలుసులు వెయ్యలేదు. రెండూ ఒకటేనని నేననను. కానీ ఆ పేజీ చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. మరి ఇది ఏ ఖానాలో రాయాలి? నీతిలోనా? ముఖ్య పాత్రల్లోనా?

అయితే ఖానాలు తీసెయ్యమనేవాళ్ళకు కూడా ఒక మాట. నేను ఆరో తరగతిలో మొదటిసారి పుస్తక పరిచయం రాయడానికి తెల్లకాగితం ముందు గంటసేపు కూర్చున్నాను. ఇంట్లో సవర మాట్లాడి వచ్చినవాణ్ణి. తెలుగులో మొదటి వాక్యం ఎలా ఎత్తుకోవాలో తెలీదు. ఖానాలుండబట్టి రాయగలిగాను. పేరు రాశాను, రచయిత పేరు రాశాను, చెయ్యి కదిలింది. ఇప్పుడు చేరిన తమ్ముళ్ళకూ ఆ ఆసరా కావాలి. ఇంకో సంగతి. ఖానాలు లేనప్పటి పాత చార్టులు స్టోరు రూములో చూశాను. ఒకరు రచయిత పేరే రాయలేదు. ఒకరు కథంతా చెప్పి పుస్తకం పేరు మర్చిపోయారు! చదవాలనిపిస్తే బీరువాలో దేనికోసం వెతకాలి?

గ్రంథాలయ శాస్త్రానికి 1931లో అయిదు సూత్రాలు రాసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు నాలుగో సూత్రంగా పాఠకుని కాలం ఆదా చేయాలన్నారు. మన మొదటి అయిదు ఖానాలు చేసేది ఆ పనే. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు ఉండాలన్నది ఆయన మూడో సూత్రం. నేను రాసిన "అందరూ చదవదగినది" అనే మాట దానికి అడ్డం వచ్చింది. అందరికీ అని రాస్తే ఎవరికో చెప్పనట్టే. అందుకే ఆ తమ్ముడు భయపడ్డాడు.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి చేస్తాం. ఆయన సవర భాష నేర్చుకుని సవరలకు పుస్తకాలు రాశారు. తెలుగు కూడా జనం మాట్లాడేలా రాయాలని పోరాడారు. ఆయన పటానికి దండ వేసి, మనం మాత్రం "రచయిత బహు చక్కగా వర్ణించినారు" అని ఒకరి వాక్యం ఒకరం దించుకుంటున్నాం. ఇది బాగుందా?

కాబట్టి నేను కోరేది ఇదీ. మొదటి అయిదు ఖానాలు అలాగే ఉండాలి. కథాసారం, పాత్రలు కలిపి ఒకటే చెయ్యాలి, చివర ఏమవుతుందో చెప్పకూడదు. నీతి ఖానా తీసెయ్యాలి. దాని బదులు మూడు పెట్టాలి: ఎంతవరకు చదివాను, ఏ తరగతివాళ్ళు చదవొచ్చు, నేను ఎక్కడ ఆగాను. నా అభిప్రాయానికి మాత్రం గీత గియ్యకుండా ఖాళీ జాగా వదలాలి. ఒక్క ముక్క రాసినా సరే, అరపేజీ రాసినా సరే. నచ్చకపోతే నచ్చలేదని రాసే వీలు కూడా ఉండాలి. అలా రాసినవాణ్ణి మాస్టారు కోప్పడకూడదని మనవి.

నేను రాసింది సరిదిద్దుకుంటున్నాను.

ఏడుతరాలు. ఎంతవరకు చదివాను: ఈసారి మొత్తం. ఎవరు చదవొచ్చు: తొమ్మిది, పది తరగతులవాళ్ళు. చిన్నవాళ్ళు చదవాలంటే పక్కన ఒక అన్న ఉండాలి, కాలు నరికే చోటుంది. ఎక్కడ ఆగాను: పేరు మార్చిన చోట.

తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

పదో తరగతి విద్యార్థి