మాటల మూట: తైదలు తప్పా? రాగులు ఒప్పా?



ఈ నెల మన మాటల మూట విప్పేముందు ఒక చిన్న చిక్కుప్రశ్న వేస్తాను.

ఒక బడిలో పంతులుగారు గుప్పెడు గింజలు బల్లమీద పోశారనుకోండి. ఆవాలంతేసి గింజలు, ఇటుక రంగు. "ఇవేమిటో ఎవరు చెబుతారు?" అని అడిగారు. వెనక వరసలోనుంచి ఒక అబ్బాయి చటుక్కున లేచి, "తైదలు సార్!" అన్నాడు. తరగతి అంతా గొల్లున నవ్వింది. ఎందుకంటే పుస్తకంలో "రాగులు" అని ఉన్నది. అబ్బాయి ముఖం చిన్నబోయింది. మర్నాడు పంతులుగారు ఇంకొకటి అడిగారు. వాడికి జవాబు తెలుసు. కాని చెయ్యి ఎత్తలేదు.

ఇప్పుడు చెప్పండి, తప్పు ఎవరిది?

అబ్బాయిది మాత్రం కాదు. తెలంగాణలో చాలా ఊళ్ళలో అవి తైదలే. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు వాటినే చోళ్ళు అంటారు. గింజ ఒకటే, పేర్లు మూడు. ఆ అబ్బాయికి తెలిసినది ఒక మాట. నవ్వినవాళ్ళకు తెలిసినదీ ఒక మాటే. నవ్వకుండా, "మీ ఇంట్లో అట్లా అంటారా?" అని అడిగి ఉంటే అందరికీ రెండేసి మాటలు వచ్చి ఉండేవి. నవ్వినందువల్ల ఒక్కరికీ ఏమీ రాలేదు సరికదా, ఒక నోరు మూతపడింది. మాట్లాడని నోటికి కొత్త మాటలు ఎట్లా వస్తాయి?

ఇటువంటి మాటల సంపద కుప్పలుగా ఉన్న ఊరు జహీరాబాదు. హైదరాబాదునుంచి బొంబాయి రోడ్డున పోతే సుమారు 100 కిలోమీటర్లు. ఆ ఊరు కదలకుండానే మూడు జిల్లాలు మారింది! 1956 వరకు బీదరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు రాష్ట్రాలను భాషలనుబట్టి విభజించినప్పుడు మెదకు జిల్లాలో చేరింది. 2016నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. కన్నడ దేశం పక్కనే. మరాఠీ దేశమూ దూరం కాదు. బజారులో ఉర్దూ వినపడుతుంది. అందువల్ల అక్కడి పిల్లల చెవిన నాలుగు భాషలు పడతాయి.

సంతలో కందులు చూడండి. తెలుగులో కంది, కన్నడంలో తొగరి, మరాఠీలో తూర్, ఉర్దూలో తువర్. తొగరి, తూర్, తువర్ అని ఒకసారి పైకి అనండి. ఒకే ఇంటి పిల్లల్లాగా లేవూ? మన జొన్న కన్నడంలో జోళ, మరాఠీలో జ్వారి. కొర్రలు అక్కడ నవణె, ఇక్కడ రాళె. రాగి అన్న మాట కన్నడంలోనూ రాగే! చూశారా, పుస్తకంలో మాటకుకూడా పొరుగూళ్ళో చుట్టాలున్నారు.

"ఇంట్లో మాటలు పెద్ద చదువులకు పనికిరావు" అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. 1962లో అప్పటి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ఒక నిఘంటువు వేసింది. దాని పేరు మాండలిక వృత్తి పదకోశం. సంపాదకులు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు. మొదటి సంపుటమంతా వ్యవసాయపు మాటలే. అవి పాత గ్రంథాలలోనుంచి తీసినవి కావు; జిల్లా జిల్లాలోనూ రైతులను అడిగి తెలుసుకొన్నవి. పండితులే రైతులవద్ద విద్యార్థులైతే, మనకు సిగ్గెందుకు?

సరే, తెలిసిన మాట మరిచిపోకుండా ఉండడం ఎట్లా? హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు అర్థంలేని అక్షరాలను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో లెక్క కట్టాడు. 1885లో ఆ ఫలితాలు ప్రకటించాడు. నేర్చుకొన్నదానిలో ఎక్కువ భాగం మొదట్లోనే చప్పున జారిపోతుందట. ఒకే రోజున అదేపనిగా వల్లించటంకంటే, కొన్ని రోజులు ఎడమిచ్చి మళ్ళీ మళ్ళీ తలుచుకొంటే బాగా నిలుస్తుందట. అర్థం తెలిసి, చేత్తో పట్టుకొని చూసిన మాటైతే ఇంకా తేలికగా నిలుస్తుంది.

అందుచేత పది మాటల పట్టీ బట్టీ పట్టవద్దు. ఒక్క గింజ పట్టుకోండి, దాని వెంట పది మాటలూ అవే వస్తాయి. కళ్ళంలో గాలికి ఎత్తి పోస్తే తూర్పారబట్టటం. చాటలో ఎగరవేస్తే చెరగటం. జల్లెడలో ఆడిస్తే జల్లించటం. రోట్లో రోకలితో దంచటం. విసుర్రాయిలో విసరటం, ఆ రాయినే కొన్ని జిల్లాల్లో తిరగలి అంటారు. మిగిలేవి పొట్టు, తవుడు, నూక, పిండి. వీటిలో ఏ రెండూ ఒకటి కావు. తేడా చెప్పగలిగితే ఆ మాట మీ సొంతమైనట్టే.

ఇప్పుడు ఒక విచారకరమైన సంగతి. పొలంలోనుంచి పంట పోతే, నాలుకమీదనుంచి దాని మాటకూడా పోతుంది. సామలు చూడనివాడికి ఆ పేరెందుకు? చాట ఎరగని ఇంట్లో "చెరుగు" అనేదెవరు? జహీరాబాదు ప్రాంతంలో కొందరు పేద రైతు స్త్రీలు దీన్ని అడ్డుకొన్నారు. పస్తాపూరులోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలో చేరి, పాత విత్తనాలను దాచి, ఒకరికొకరు ఇచ్చుకొంటూ వచ్చారు. ఎడ్లబండ్లమీద ఆ విత్తనాలను ఊరూరా ఊరేగించి పాత పంటల జాతర జరిపారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో పెట్టి, తమ ఇంటి మాటలోనే మాట్లాడారు. బడి ముఖం చూడనివారుకూడా గునుగు, తుమ్మి, దొగ్గలి, పొన్నగంటి అంటూ విత్తకుండా మొలిచే కూరల పేర్లు గడగడ చెబుతారు. మనకు ఎన్ని తెలుసు?

ఇక ఈ నెల పని. తరగతిలో ఒక ఖాళీ గంప పెట్టండి. ఒక్కొక్కరు ఇంట్లో అవ్వనో తాతనో అడిగి, ఒక మాట చీటీమీద రాసి, వీలైతే ఆ వస్తువుతోసహా తెచ్చి వేయండి. "అవ్వా, దీన్నేమంటరు?" అని అడిగి చూడండి, "గిది గూడ తెల్వదా బిడ్డా!" అంటూ నాలుగు మాటలు అదనంగా చెబుతుంది. రోజుకొకరు ఒక చీటీ తీసి, ఆ మాటతో ఒక వాక్యం చెప్పాలి. మూడో రోజున ఒకసారి, వారానికి ఒకసారి పాత చీటీలు మళ్ళీ తీయండి. ఆటకు నియమం ఒకటే: ఎవరి మాటకూ నవ్వరాదు.

పెద్దలకూ ఒక మనవి. పిల్లవాడు ఇంటిమాట అంటే "తప్పు" అనకండి. "పుస్తకంలో ఇట్లాకూడా అంటారు" అనండి. ఉన్న మాట ఉంటుంది, కొత్తది చేరుతుంది.

అప్పుడు వెనక వరసలో ఆ అబ్బాయి మళ్ళీ చెయ్యి ఎత్తుతాడు. ఏమంటాడో తెలుసా? "తైదలు సార్! రాగులన్నా అవే, చోళ్ళన్నా అవే!"