అడిగి తెచ్చుకొన్న నగరము

బానిసత్వ నిర్మూలన చరిత్రను చెప్పునపుడు మనము సాధారణముగా లండను నగరమున ఆరంభించి లండను నగరముననే ముగింతుము. విల్బర్‌ఫోర్సు పార్లమెంటులో చేసిన ఉపన్యాసములు, గ్రాన్‌విల్ షార్పు న్యాయస్థానములలో సాగించిన పోరాటము, బానిస వ్యాపారమును నిషేధించిన 1807 నాటి శాసనము ఆ కథకు ప్రధాన ఘట్టములై నిలిచినవి. ఆ మహాశయుల దీక్ష సర్వదా శ్లాఘనీయమే. కాని సంకెల తెగిన మనుష్యుడు ఆ పిమ్మట ఎచ్చటికి పోయెను, ఏ నేలపై ఇల్లు కట్టుకొనెను, ఎవరితో వాదించి తన హక్కును నిలుపుకొనెను అని తెలిసికొనగోరువాడు పశ్చిమాఫ్రికా తీరమునకు, సియెర్రా లియోను రాజధానియైన ఫ్రీటౌనునకు దృష్టి మరల్పవలసియున్నది. ఆ నగరమును ఇంగ్లండు కరుణాఫలముగా వర్ణించుట పరిపాటి. దాని నిర్మాతలు పలుమారు అడిగి, అడిగినది దక్కనపుడు ఎదిరించి దానిని సాధించుకొనిరని నా దృఢాభిప్రాయము.

అమెరికా స్వాతంత్ర్య సమరమున తమ పక్షము చేరిన బానిసలకు విముక్తి నొసగుదుమని ఆంగ్లేయులు ప్రకటించియుండిరి. యుద్ధమున ఓడిన వెనుక, ఆ మాటను నమ్మి వచ్చినవారిలో కొందరు లండను వీథులలో దరిద్రులై తిరుగుచుండగా, షార్పు మొదలగువారి ప్రోద్బలముతో సుమారు 400 మంది 1787లో ఓడలెక్కి, సరిగా వర్షర్తువు ఆరంభమగు వేళకు సియెర్రా లియోను తీరమున దిగిరి. జ్వరములు వారిలో పెక్కుమందిని బలిగొనెను. మిగిలినవారి పల్లెను 1789లో జిమ్మీ రాజను స్థానిక టెమ్నే జాతి నాయకుడు తగులబెట్టించెను. అది నిష్కారణ క్రౌర్యము కాదు; అంతకు ముందు ఆంగ్ల యుద్ధనౌకవారు అతని ఊరిని దహించియుండిరి. లండనునందు వేసిన పథకము అంతటితో భగ్నమయ్యెను.

దానికి మరల ప్రాణము పోసినవాడు థామస్ పీటర్సు. అతడు ఉత్తర కరొలైనాలో బానిసగా నుండి పారిపోయి, ఆంగ్ల సైన్యమున సార్జెంటుగా పనిచేసి, యుద్ధానంతరము కెనడా తీరమునందలి నోవాస్కోషియాకు చేర్పబడెను. అచ్చట వాగ్దానము చేసిన భూమికై తనవారు ఏండ్ల తరబడి వేచియుండియు ఫలము గానక పోవుటచే, వారందరి పక్షమున విజ్ఞప్తి పత్రమును చేతబట్టి, దారిలో మరల బానిసగా పట్టుబడు ప్రమాదమును లెక్కచేయక, సముద్రము దాటి లండనునకు వచ్చి ప్రభువుల ద్వారము తట్టెను. ఆ విజ్ఞప్తి ఫలితముగా, నౌకాధికారియైన జాన్ క్లార్క్‌సన్ నాయకత్వమున 15 ఓడలలో సుమారు 1200 మంది 1792 జనవరిలో హాలిఫాక్సు రేవును వీడి, ఆ యేటి మార్చి నాటికి ఫ్రీటౌనునకు పునాది వేసిరి. క్లార్క్‌సన్ సజ్జనుడనుటకు సందేహము లేదు. అయినను పీటర్సు అడుగకున్నచో ఆ ఓడలు కదలియుండవు. కొలది నెలలకే ఆయన జ్వరముతో మరణించెను.

ఇంతటితో కథ సుఖాంతము కాలేదు. పన్ను లేని భూమి నిత్తుమని క్లార్క్‌సన్ మాట యిచ్చియుండగా, పాలనాధికారము గల సియెర్రా లియోను కంపెనీ ఆ భూములపై శిస్తు విధింపబూనెను. కాపురస్థులు ఎనిమిదేండ్లు వాదించి, వేడి, విసిగి, తుదకు 1800 సెప్టెంబరులో తమ శాసనములను తామే వ్రాసి ప్రకటించిరి. దానిని కంపెనీ తిరుగుబాటుగా పరిగణించెను. సరిగా ఆ సమయమునకే జమైకా కొండలలో ఆంగ్లేయులతో పోరి, ఓడి, దేశబహిష్కృతులైన మెరూనులు ఓడలో వచ్చి చేరగా, వారినే ఆయుధముగా జేసికొని ఆ ఉద్యమమును అణచిరి, ఇరువురిని ఉరితీసిరి. స్వేచ్ఛకై పోరినవారి చేతనే స్వేచ్ఛ నడిగినవారిని అణచివేయించిన ఈ ఘట్టము సామ్రాజ్యనీతికి నిదర్శనము. విముక్తుని బ్రతికింపనెంచిన దాతలు, అతడు తన్ను తాను పాలించుకొనుటకు మాత్రము సమ్మతింపలేదు.

ఇచ్చట మరొక న్యాయమును మరువరాదు. నగరము వెలసిన నేల టెమ్నేలది. పరదేశికి స్థలము చూపి, కానుకలు గ్రహించి, అతనిని కాపాడుట ఆ తీరమున పూర్వాచారము; దానిని శాశ్వత విక్రయముగా పత్రములలో వ్రాసికొనినవారు ఆంగ్లేయులు. 1801లోను 1802లోను టెమ్నేలు నగరముపై దాడి చేయుటకు ఈ వైషమ్యమే మూలము. ఒకరి విముక్తికి మరొకరి భూమి మూల్యమైనదన్న సత్యమును కాదన్నచో ఫ్రీటౌను చరిత్ర పూర్తి కాదు.

1808లో ఈ కాలనీ నేరుగా రాజప్రభుత్వాధీనమయ్యెను. ఆంగ్ల నౌకాదళము సముద్రమున పట్టుకొన్న బానిస ఓడలనుండి తప్పించి అర్ధ శతాబ్దికి పైగా ఆ రేవున దింపిన వారి సంఖ్య 80,000 దాటినది. విడుదలయైన వెంటనే వారిలో కొందరిని సైన్యమున చేర్చిరి. కొందరిని యజమానులకు అప్పగించి ఏండ్ల తరబడి పని చేయించిరి. అట్టి స్థితినుండియు వారు తలయెత్తిన తీరు అద్భుతము. 1822లో ఒక బానిస ఓడనుండి బయటపడిన యొరుబా బాలుడు శామ్యూల్ అజాయి క్రౌథరు, 1827లో స్థాపితమైన ఫూరాబే కళాశాలకు తొలి విద్యార్థియై, తన మాతృభాషకు వ్యాకరణము రచించి, 1864లో ఆంగ్లికన్ సంఘమున తొలి ఆఫ్రికన్ బిషప్పయ్యెను. సిగిస్మండు కోలె అను పండితుడు 150కి పైబడిన ఆఫ్రికా భాషల పదములను ఈ ఒక్క కాలనీ నివాసుల నోట విని సేకరించి 1854లో ప్రకటించెను. అన్ని భాషల జనులు ఒకచో మెలగుటచే రూపొందిన క్రియో నేడు ఆ దేశమంతటికి వ్యవహారభాష.

అటుపిమ్మట 1898లో గుడిసె పన్నుకు వ్యతిరేకముగా బాయ్ బురే అను నాయకుడు నడపిన యుద్ధమును, 1961 నాటి స్వాతంత్ర్యమును, 1991 మొదలు 2002 దాక సాగిన అంతర్యుద్ధమున 1999 జనవరిలో నగరము చవిచూచిన ఘోరమును దేశము దాటి వచ్చినది. శిస్తు తగదని 1800లో నగరవాసులు ఎత్తిన ప్రశ్ననే, శతాబ్దము తిరుగునప్పటికి బాయ్ బురే దేశాంతర్భాగమున మరల ఎత్తెనని గమనింపదగును.

కావున మన బాలురకు బానిసత్వ నిర్మూలనను బోధించునపుడు విల్బర్‌ఫోర్సు సరసన పీటర్సు పేరును, కంపెనీ దాతృత్వము సరసన 1800 నాటి ఉరికొయ్యను, రెండింటి సరసన టెమ్నేల నేలను చెప్పవలెనని కోరుచున్నాను. దాతల కీర్తి ఇందువలన తరుగదు. విముక్తియనగా ఒకడు దయతో ఇచ్చి మరియొకడు చేతులు జోడించి పుచ్చుకొను వస్తువను భ్రాంతి మాత్రము తొలగును. భూమియు, పన్నుపై తన మాటయు, పాలనలో తన పాలును దక్కువరకు విముక్తుడు అడుగుచునే యుండునని, అట్లడుగుట కృతఘ్నత కాదని విద్యార్థులకు బోధపడును.

— చరిత్రార్థి