కార్డు మార్చే ముందు ఛానెల్ చూడండి

ఫోన్‌కి వైఫై వస్తోంది, ల్యాప్‌టాప్‌కి రావట్లేదు అనగానే "కార్డు పోయింది, మార్చాలి" అనే మాట మన దగ్గర చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. నేనైతే ఆ మాటనే ముందు అనుమానిస్తాను. కార్డు నిజంగా పోతే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద సాధారణంగా దాని పేరే ఉండదు, లేదా పక్కన పసుపు గుర్తు ఉంటుంది. పేరు ఉండి, పక్కింటోళ్ల వైఫైలు కూడా కనిపిస్తుంటే రేడియో పని చేస్తున్నట్టే.

మిర్చి కళ్లాల్లో ఆరబోసే రోజుల్లో సత్తెనపల్లిలో బాబాయి వాళ్లింటికి వెళ్తే ఇదే గొడవ. తమ్ముడిది వర్క్ ఫ్రం హోం, పైగా ప్రొబేషన్. కరెంటు పోయి వస్తే చాలు, ల్యాప్‌టాప్‌లో ఇంటి వైఫై పేరు మాయం. ఫోన్లలో మాత్రం శుభ్రంగా వస్తోంది. రిపేరు షాపతను కొత్త కార్డుకి 1,800 చెప్పాడట. (తర్వాత చూస్తే అది బోర్డుకే సోల్డర్ చేసిన రకం. ఏం మార్చేవాడో మరి!)

రౌటర్ సెట్టింగ్స్‌లో ఛానెల్ 'ఆటో'లో ఉంది. రీస్టార్ట్ అయినప్పుడల్లా కొత్తగా వెతుక్కుని, ఆ రోజు 13 మీద కూర్చుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 దాకా వాడొచ్చు, అమెరికాలో మామూలుగా 11 వరకే. అమెరికా సెట్టింగ్‌తో వచ్చిన కార్డు 12, 13లను అసలు పట్టించుకోదు. ఫోన్ అయితే సిమ్ నెట్‌వర్క్‌ని బట్టి దేశం ఏదో తెలుసుకుంటుంది. ఛానెల్ 6కి మార్చి పెట్టాం, వెంటనే పేరు కనిపించింది. పైసా ఖర్చు లేదు.

5 గిగాహెర్ట్జ్‌లో ఇంకో తిరకాసు. 52 నుంచి 144 మధ్య ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి, అందుకే చాలా రౌటర్లు ఆన్ అయ్యాక నిమిషం పాటు విని గానీ సిగ్నల్ ఇవ్వవు. కరెంటొచ్చిన వెంటనే కంగారు పడొద్దు. ఇక కనెక్ట్ అయ్యి కూడా నెట్ రాకపోతే ఐపీ అడ్రస్ చూడండి. 169.254తో మొదలైందంటే రౌటర్ నుంచి అడ్రస్ రాలేదని అర్థం, దానికి కార్డు మారిస్తే ఏమొస్తుంది?

అసలు నా కంప్లైంట్ మన రివ్యూల మీద. హింజ్ గురించి, బెజెల్ గురించి పేరాలు రాస్తాం, వైఫై కార్డు దగ్గరికొచ్చేసరికి "వైఫై 6 ఉంది" అని వదిలేస్తాం. కార్డు పేరేంటి, యాంటెన్నాలు ఒకటా రెండా, ఊడదీసి మార్చుకోవచ్చా? రియల్‌టెక్ 8821సీఈ కార్డుకి లినక్స్ కెర్నెల్‌లో సపోర్ట్ 2020లో 5.9 వెర్షన్‌తో గానీ రాలేదు. అప్పటిదాకా ఉబుంటు వేసుకున్న స్టూడెంట్లు డ్రైవర్ కోసం వేరే చోట వెతుక్కున్నారు. ఆ ఒక్క పేరు రివ్యూలో ఉంటే కొనేముందే తెలిసేది. మేం రాసేదాకా మీరే గుంటూరులోనో ఒంగోలులోనో షోరూంలో డెమో పీస్ మీద డివైస్ మేనేజర్ తెరిచి, కార్డు పేరు ఫోటో తీసుకోండి.